మా వదిన చెప్పిన నా జవాబులు

నా మొహం చూసినవాళ్ళకి నేనెప్పుడూ కోపంగా ఉన్నట్టే కనిపిస్తాను. అది జబ్బు పనే అన్నాడు గుంటూరు డాక్టరు. పార్కిన్సన్స్ వచ్చినవాళ్ళకి మొహం బిగుసుకుపోతుందట, లోపల నవ్వుకున్నా పైకి కనపడదట. మా ఆయన ఈ సంగతి చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పాడు. "దానికి మీ మీద కోపమేం లేదండి, జబ్బు వల్ల అట్లా కనపడుద్ది" అని. పాపం, ఆయన చెప్పినదాంట్లో సగమే నిజం. జబ్బు ఉంది. కోపం కూడా ఉంది. అందులో ఎక్కువ భాగం మా వదిన మీద.

వదిన అంటే మా ఆయనకి సొంత అక్క. రేపల్లెలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయింది. భర్త పోయి చాలా కాలమైంది. తను వరండాలోకి అడుగు పెడితే స్కూలు స్కూలంతా నోరు మూసుకునేదని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది. నేను మాత్రం ఆ స్కూల్లో చదవలేదు. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చేనాటికే బాపట్ల టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, బోర్డు మీద తీగలు ఒక బొక్కలోంచి పీకి ఇంకో బొక్కలో గుచ్చుతూ, చీరాల వాళ్ళని లైన్లో ఆగమంటూ, పొన్నూరు వాళ్ళకి నంబరు బిజీ అని చెబుతూ, పక్కసీటు అమ్మాయి పెళ్ళిచూపుల కబుర్లు వింటూ కూర్చునేదాన్ని. అన్నీ ఒకేసారి. ఏదీ తప్పేది కాదు.

వంతుల ప్రకారం నైట్ డ్యూటీలు పడేవి. అది ఆవిడకి నచ్చలేదు. "మగాళ్ళతో ఫోన్లో మాట్లాడే ఉద్యోగం ఏం ఉద్యోగం?" అని మా అత్తగారిని ఎగదోసేది. తర్వాత మాకు పిల్లలు పుట్టలేదు. రేపల్లె చర్చిలో స్త్రీల సమాజం కూడిక జరిగిన రోజున, నేను పక్కగదిలో గ్లాసుల్లో టీ పోస్తుండగా, ఎవరో మా సంగతి అడిగారు. "రాత్రిళ్ళు ఇంట్లో ఉండని మనిషికి కడుపెట్లా పండుద్దండి?" అంది వదిన. గొంతు తగ్గించనైనా లేదు. నేను పళ్ళెం పట్టుకొచ్చి అందరికీ టీ ఇచ్చాను, ఆవిడకి కూడా. అప్పట్నుంచి ఆవిడతో నాకు మాటలున్నాయి గానీ మాట్లాడుకోవడం లేదు. పండక్కీ పబ్బానికీ "బాగున్నారా వదినా", "బాగున్నానమ్మాయ్", అంతే.

జబ్బు మొదట కుడిచేతికి వచ్చింది. ఒళ్ళో పెట్టుకుంటే దానంతటదే కదిలేది. మాత్రలు వేసుకుంటే తగ్గేది. గొంతు కూడా సన్నబడింది, ఎవరితో మాట్లాడినా "ఏంటి?" అని చెవి ముందుకి పెట్టేవాళ్ళు. వాటికి అలవాటు పడ్డాను. నన్ను నిజంగా భయపెట్టింది వేరే. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక గేటు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు నాతో మాట్లాడుతున్నారు. ఒకామె కూతురి కాన్పు గురించి, రెండో ఆమె కొళాయి నీళ్ళ గురించి. ఇద్దరి మాటలూ చెవిన పడుతున్నాయి. ఏ మాట ఎవరిదో తెలియడం లేదు. కాన్పు అయిన పిల్లకి మున్సిపాలిటీ వాళ్ళు నీళ్ళు ఎందుకు ఆపారో అర్థంకాక నిలబడిపోయాను. ఏదో ఒకటి అడగాలని నోరు తెరిచేసరికి వాళ్ళు వందనాలు చెప్పి వెళ్ళిపోయారు. ఒకప్పుడు ఊరందరి మాటలూ నా చెవుల్లోంచి నడిపిన దాన్ని.

గుంటూరు డాక్టరు ఏవో పరీక్షలు చేసి, ఈ జబ్బులో ఆలోచన కూడా నెమ్మదిస్తుందనీ, అందుకు శిక్షణ ఇచ్చేవాళ్ళు ఉంటారనీ చెప్పాడు. తెనాలిలో అలాంటి చోటు ఒకటి ఉందని ఆయనే చీటీ రాసిచ్చాడు. వారానికి రెండుసార్లు వెళ్ళాలి. మా ఆయనకి ఎరువుల కొట్టు. నాట్ల రోజులు. కొట్టు వదిలి కదలడానికి లేదు. నేను ఒక్కదాన్నే రైలెక్కుతానంటే ఒప్పుకోడు. ఆయన ఏం చేశాడో నాకు మర్నాడు గానీ తెలియలేదు.

"అక్క వస్తానంది. రేపల్లె బండి దిగి తెనాలి స్టేషన్లో ఉంటదంట. నిన్ను ఇక్కడ నేను ఎక్కిస్తా, అక్కడ అక్క దింపుకుంటది."

"నన్నడగాలి కదండీ" అన్నాను.

"ఏంటి?" అన్నాడు ఆయన.

రెండోసారి అనే ఓపిక లేక ఊరుకున్నాను.

ఆ శిక్షణ కేంద్రం ఒక స్కానింగు సెంటరు పైన, రెండో అంతస్తులో ఉంది. చెప్పే అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. గోడ నిండా ఏనుగులూ రైళ్ళూ బంతులూ ఉన్న రంగుల బొమ్మలు. చిన్నపిల్లలు కూడా వస్తారట అక్కడికి. నన్ను ఆ బొమ్మల కింద కూర్చోబెట్టినప్పుడే ఒళ్ళు మండింది.

"ఆంటీ, నిమిషంలో 'క'తో మొదలయ్యే మాటలు మీకు ఎన్ని వస్తే అన్ని చెప్పండి" అంది ఆ అమ్మాయి.

కలం అన్నాను. కత్తి అన్నాను. మూడో మాట వస్తోంది, నాకు తెలుస్తోంది, గొంతుదాకా రావాలంతే.

"కాకి! కాకరకాయ! కమ్మరి! చెప్పవేం?" వెనక కుర్చీలోంచి వదిన.

"మేడమ్, మీరు చెప్పకూడదండి. ఆంటీనే చెప్పనివ్వండి."

"అది చెప్పదమ్మా. నేనందిస్తేనే దానికి వస్తది. నాకు తెలుసుగా, ముప్పై ఏళ్ళు పిల్లలకి చెప్పినదాన్ని."

నా మూడో మాట వచ్చే దారిలోనే చచ్చిపోయింది. ఆ తర్వాత వచ్చిన మాటలన్నీ వదినవే, ఒక్కటీ చెప్పబుద్ధి కాలేదు. నిమిషం అయిపోయింది. ఆ అమ్మాయి రంగుల అట్టలు తీసింది. 'ఎరుపు' అన్న మాట ఆకుపచ్చ సిరాతో రాసి ఉంటుంది. రాసిన మాట చదవకూడదు, సిరా రంగు చెప్పాలి. నేను ఎరుపు అన్నాను. వదిన నాలుక చప్పరించింది. తర్వాత అట్టకి నేను ఆలోచించుకునే లోపల మళ్ళీ చప్పరించింది.

చివర్లో ఆ అమ్మాయి విడమర్చి చెప్పింది. నా మతి పోలేదట. మాట తెచ్చుకోవడానికి, ఒక పనిలోంచి ఇంకో పనిలోకి మనసు మళ్ళించుకోవడానికి టైము ఎక్కువ పడుతోందట. సాధన చేస్తే కొంత చురుకుదనం రావచ్చు, కొన్నిటికి ఉపాయాలు నేర్చుకోవచ్చు.

"తగ్గుతుందా?" అని అడిగాను.

"జబ్బు తగ్గదాంటీ. ఉన్నదాంతో బాగా నెగ్గుకురావడం నేర్పిస్తాం. అది కూడా అందరికీ ఒకేలా పనిచెయ్యదు."

కల్లబొల్లి మాట చెప్పనందుకు ఆ పిల్ల మీద కోపం కొంచెం తగ్గింది. కొంచెమే.

రెండు వారాలు తిరగకుండానే వదిన పెట్టె సర్దుకుని బాపట్ల వచ్చేసింది. ఇంట్లో రోజూ సాధన చేయించాలని ఆ అమ్మాయి అంటే, ఆ మాట పట్టుకుంది. "నువ్వు కొట్టు చూసుకోరా, దీన్ని నాకొదిలెయ్" అంది తమ్ముడితో. ఆయన మొహం తేలికపడింది. దానికి ఆయన్ని ఇప్పటికీ పూర్తిగా క్షమించలేదు.

ఆ రోజు నుంచి మా ఇల్లు బడి అయింది. పొద్దున కాఫీ గ్లాసు ఎదురుగా పెట్టి, "నెలలు వెనక్కి చెప్పు. డిసెంబరు నుంచి" అనేది. చెప్పాకే గ్లాసు ముట్టుకోవాలి. పనమ్మాయి చీపురు ఆపి మరీ వినేది. కూర తరుగుతుంటే ఎక్కాలు. దువ్వుకుంటుంటే కూరగాయల పేర్లు. వంటింటి డబ్బాల మీద పేర్లు రాసి అంటించింది, నా వంటింట్లో, నేను సర్దుకున్న డబ్బాల మీద. ఉప్పు డబ్బా మీద ఉప్పు అని. ఉప్పు నాకు తెలియనట్టు.

ఒకసారి పాస్టరమ్మగారు చూడ్డానికి వచ్చారు. కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చాం. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది. నేను జవాబు కూడదీసుకుంటున్నాను.

"చాలా మెరుగండి" అంది వదిన. "నేను వచ్చాక దారిలో పడింది. చూస్తారా? ఏమ్మాయ్, వారాలు వెనక్కి చెప్పు. ఆదివారం, శనివారం... ఊఁ!"

నాకు వచ్చు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నోరు తెరవలేదు. పాస్టరమ్మగారు తలదించుకుంది. వదిన ఆమెవైపు తిరిగి, "ఇవాళ కొంచెం బాగాలేనట్టుంది" అంది, నేనక్కడ లేనట్టే.

నా చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే, నోరు మూసుకోవడం. ఆవిడ అడిగిన ప్రతిదానికీ బిగుసుకుని కూర్చునేదాన్ని. ఆవిడ ఓడిపోతోందని లోలోపల సంబరపడేదాన్ని. తెనాలి వెళ్ళాక తెలిసింది ఓడిపోతున్నది ఎవరో. ఆ అమ్మాయి మళ్ళీ పరీక్ష పెడితే, వచ్చిన మాటలు కూడా రాలేదు. రాకుండా బిగబట్టడమే నేను సాధన చేశాను మరి.

"ఇంట్లో చేస్తున్నారా ఆంటీ?"

"రోజూ చేయిస్తున్నానమ్మా" అంది వదిన. "మొండిది. పుట్టుమొండి."

ఆ అమ్మాయి ఆవిడ వంక చూసింది. నా వంక చూసింది. "మేడమ్, మీరు కాసేపు బయట కూర్చుంటారా? ఇవాళ పెట్టే పరీక్షకి ఎవరూ ఉండకూడదు" అంది. అట్లాంటి పరీక్ష ఏదీ లేదని తలుపు వేశాక అర్థమైంది. స్టూలు నా ముందుకి లాక్కుని కూర్చుంది.

"ఆంటీ, ఇదంతా మీకు చిరాగ్గా ఉందని నాకు తెలుస్తోంది. అసలు మీకు ఏం కావాలి? ఏ పని చెయ్యగలిగితే బాగుండనిపిస్తోంది? నిదానంగా చెప్పండి. నాకు తొందర లేదు."

నాకు తొందర లేదు అన్న మనిషిని చూసి ఎన్నాళ్ళయిందో. ఆ పిల్ల నిజంగానే కదల్లేదు.

"మా వదిన కంటే ముందు జవాబు చెప్పాలి" అన్నాను.

ఫక్కున నవ్వింది. వెంటనే నా మొహం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "సారీ ఆంటీ, సారీ!"

"నేనూ నవ్వుతున్నానమ్మా. కనపట్లేదంతే" అన్నాను.

ఆ రోజు నుంచి 'క' మాటలు పోయాయి. ఆ పిల్ల నాకు కొత్త పాఠం మొదలుపెట్టింది. ఎవరైనా ఏదైనా అడిగితే, జవాబు కోసం లోపల వెతుక్కుంటూ మౌనంగా ఉంటే ఎదుటివాళ్ళు మధ్యలో దూరిపోతారు. కాబట్టి ముందు చెయ్యెత్తి అరచెయ్యి చూపించాలి. "ఉండండి, చెప్తాను" అనాలి. ఆ రెండు మాటలూ ఆలోచించక్కర్లేకుండా నోటికి వచ్చేసేదాకా నా చేత అనిపించింది. అవి వెళ్ళి గుమ్మానికి అడ్డం నిలబడితే, వెనక అసలు జవాబు మెల్లగా తయారవుతుంది. తర్వాత తనే వదిన అయింది. నన్నొక ప్రశ్న అడిగి, నేను నోరు తెరిచేలోగా "అది చెప్పదమ్మా" అని అచ్చం ఆవిడ లాగే అనేది. మొదట్లో ప్రతిసారీ నా ఆలోచన తెగిపోయేది. తెగినచోటు నుంచి మళ్ళీ పట్టుకోవడం, ఎదుటి గొంతుని పక్కన పెట్టి నా మాట మీదే మనసు ఉంచడం, అదే అసలు సాధన అంది. ఒకప్పుడు అదే పని చేసి జీతం తీసుకున్నదాన్ని కాబట్టి పట్టుదల వచ్చింది. ఆ గదిలో అంత కసిగా చదువుకున్నవాళ్ళు ఇంకెవరూ ఉండరేమో.

ఇంకో రకం సాధన ఉండేది. నా నడుముకి బెల్టు కట్టి, తను పక్కన పట్టుకుని, పొడుగాటి వరండాలో నడిపిస్తూ చిన్న చిన్న లెక్కలు అడిగేది. నడక మీదా లెక్క మీదా ఒకేసారి మనసు పెట్టాలి. లెక్క దగ్గర అడుగు ఆగిపోయేది, అడుగు దగ్గర లెక్క తప్పేది. "ఇది ఇక్కడే ఆంటీ, నేను పట్టుకుని ఉన్నప్పుడే. బయట నడిచేటప్పుడు మాటలు కూడా వద్దు. మెట్ల దగ్గర అసలే వద్దు" అని ప్రతిసారీ చెప్పేది. బయట బెంచీ మీద ఉన్న వదిన అద్దం తలుపులోంచి నడక చూసింది. అద్దంలోంచి మాట వినపడదు. ఆ అమ్మాయి బయటికి వచ్చి లెక్కల సంగతీ ఈ జాగ్రత్తా ఆవిడకీ చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆవిడ తలూపుతూ సంచిలో గొడుగు సర్దుకుంటోంది.

ఆ సాయంత్రం తెనాలి స్టేషన్లో బాపట్ల వైపు బండి అవతలి ప్లాట్‌ఫారం మీదికి వస్తుందన్నారు. వంతెన ఎక్కి దిగాలి. ఎక్కడం బాగానే ఎక్కాను. దిగేటప్పుడు వదిన మొదలుపెట్టింది.

"వందలోంచి ఏడేసి తీసేస్తూ దిగు."

"వద్దు వదినా."

"వద్దంటే ఎట్లా? నడుస్తూ చెప్తేనేగా అసలు ట్రైనింగు. నేను చూశాగా. ఊఁ, వంద."

వెనక జనం తోసుకొస్తున్నారు. కాదని నిలబడి వాదించడానికి చోటు లేదు, గొంతూ లేదు. చెబితే ఊరుకుంటుంది కదా అని తొంభైమూడు అన్నాను. ఎనభయ్యారు అన్నాను. తర్వాతిది వెతుకుతుంటే పాదాలు మెట్టుకి అతుక్కుపోయాయి. ఈ జబ్బున్నవాళ్ళకి తెలుసు ఆ సంగతి, కాళ్ళు ఉన్నట్టుండి మనవి కాకుండా పోతాయి. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని, "ఆగావేం? డెబ్బై ఎంత? పద!" అని లాగింది. ఒళ్ళు ముందుకి వచ్చింది, కాళ్ళు రాలేదు. చివరి మెట్ల మీద నుంచి ప్లాట్‌ఫారం మీదికి బోర్లా పడ్డాను. కుడిచెయ్యి కింద నలిగింది.

ఎవరో లేపారు. ఎవరో నీళ్ళు తాగించారు. "ఏమైందమ్మా?" అని ఒక పెద్దాయన నన్నే అడిగాడు, నా కళ్ళలోకి చూసి.

"కళ్ళు తిరిగాయండి" అంది వదిన. "జబ్బు మనిషి."

చెయ్యెత్తబోయాను. అది ఎత్తే చెయ్యి కాదిప్పుడు. నొప్పికి గొంతు పూర్తిగా పోయింది. ఆస్పత్రిలో డాక్టరు అడిగితే అదే జవాబు, కళ్ళు తిరిగి పడింది. ఆయన ఆ మాట పట్టుకుని బీపీ చూశాడు, రక్తం తీయించాడు, గుండె పరీక్ష చేయించాడు. మణికట్టు విరిగిందని కట్టు వేశారు. బాపట్ల నుంచి పరిగెత్తుకొచ్చిన మా ఆయనకీ అదే జవాబు. కారులో వెనక సీట్లో ఆవిడ నా పక్కనే కూర్చుని, నా తల తన భుజం మీదికి వాల్చుకుంది. తల తీసేసే బలం లేక అలాగే ఉంచాను. అంత అసహ్యంగా నా జన్మలో ఎప్పుడూ అనిపించలేదు.

మర్నాడు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, మా ఆయన తీర్పు చెప్పాడు. "ఇంక తెనాలీ వద్దు, ట్రైనింగూ వద్దు. ఈ తిరుగుళ్ళకే కళ్ళు తిరిగాయి."

"అదే నేనూ అంటన్నా" అంది వదిన. "నేను ఇంట్లోనే చెప్పుకుంటాగా."

మాత్ర వేసుకుని కాసేపయింది, అది పనిచేసే వేళ. ఎడమచెయ్యి ఎత్తాను. అరచెయ్యి ఇద్దరికీ కనపడేలా చాపాను.

"ఉండండి. చెప్తాను."

"ఏం చెప్తావమ్మా, నీళ్ళు కావాలా?" అంది వదిన. చెయ్యి దించలేదు. "పడుకుంటావా? ఒరే, దాన్ని లోపలికి తీసుకెళ్ళు, అలిసిపోయింది." చెయ్యి దించలేదు. ఆ అమ్మాయి ఎన్నిసార్లు ఆ గొంతుతో నన్ను తెగ్గొట్టిందో, అన్నిసార్లూ ఇందుకే పనికొచ్చాయి. ఆవిడ గొంతుని పక్కకి నెట్టి నా మాట కోసం చూస్తున్నాను.

మా ఆయన నా చెయ్యి చూశాడు. ఏమనుకున్నాడో మరి, "ఉండక్కా" అన్నాడు. ఆయన తన అక్కతో ఆ మాట అనగా నేను వినడం అదే మొదలు.

"నాకు కళ్ళు తిరగలేదు" అన్నాను. ఒక్కో మాటకీ మధ్య గ్యాపు. ఆయన ముందుకి వంగి విన్నాడు. "వంతెన దిగుతుంటే... లెక్కలు అడిగింది. వద్దన్నాను. కాళ్ళు ఆగిపోయాయి. చెయ్యి పట్టుకుని... లాగింది."

"చూశావా!" వదిన లేచి నిలబడింది. "డాక్టరు అననే అన్నాడు కదరా, ఈ జబ్బులో లేనిపోని అనుమానాలు వస్తాయని. మొదలయ్యాయి. చాకిరీ చేసినదాన్నే అంటంది. పాపం, దాని తప్పు కాదులే."

అది నా ఒంట్లో గుచ్చుకున్నట్టు ఇంకేదీ గుచ్చుకోలేదు, ఆ కడుపు పండని మాట కూడా. నేను ఇకమీదట ఏం చెప్పినా జబ్బు ఖాతాలో వేసెయ్యొచ్చు. ఆయన మొహంలో అనుమానం కదిలింది. అక్క మీదా, నా మీదా? చెప్పలేను.

"అక్కా" అన్నాడు చివరికి. "లాగావా?"

ఎప్పుడూ ప్రశ్న పూర్తికాకముందే జవాబిచ్చే మనిషి. చీర కొంగు సర్దుకుంది. కుర్చీ పక్కకి జరిపింది. "నడిపిద్దామని పట్టుకున్నా. వెనక జనం ఉన్నారు" అంది.

"లెక్కలు అడిగావా?"

"దాని మంచికే కదరా?"

నా మాట ఇంకా అవలేదని మళ్ళీ చెయ్యెత్తాను. "తెనాలి వెళ్తాను. ఈవిడతో వెళ్ళను. ఈవిడ ఈ ఇంట్లో ఉంటే... నేనుండను."

మూడో వాక్యం ముందుగా మనసులో కూర్చుకున్నది కాదు. దానంతటదే వచ్చింది.

మర్నాడు పొద్దున ఆయన ఆవిడని కారులో రేపల్లెలో దింపి వచ్చాడు. సాయంత్రం ఆయన వరండాలో కూర్చుని చెప్పాడు, దారిపొడుగునా ఏడ్చిందని. మా అత్తగారు చివరి రోజుల్లో మంచంపట్టి కన్నబిడ్డల్ని కూడా గుర్తుపట్టలేదు. అప్పుడు చాకిరీ అంతా వదినే చేసింది, అది నిజం. "ఇది కూడా అమ్మలాగా అయిపోద్దని భయమేసిందిరా, అందుకే అట్లా వెంటపడ్డా" అందట. చెబుతూ ఆయన నా మొహంలోకి చూశాడు, ఏమైనా మెత్తబడ్డానేమోనని. నా మొహంలో ఏమీ కనపడదు కదా. కనపడినా, దొరికేదేమీ లేదు. నాకు జాలి కలగలేదు. కలిగిందని రాస్తే చదివేవాళ్ళకి హాయిగా ఉంటుంది. కలగలేదు.

వంటింటి డబ్బాల మీద కాయితాలు పనమ్మాయి చేత తడిబట్టతో తుడిపించాను.

కట్టు విప్పాక మళ్ళీ తెనాలి మొదలుపెట్టాను. ఆయన కొట్టులో మనిషిని పెట్టుకుని నాతో వచ్చి బయట బెంచీ మీద కూర్చునేవాడు. జరిగింది విన్నప్పుడు ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. "నేను ఆవిడకి ఇంకా గట్టిగా చెప్పాల్సింది ఆంటీ" అంది. అవును, చెప్పాల్సింది అన్నాను. ఊరడించలేదు. ఆ తర్వాత మా ఆయన్ని లోపలికి పిలిచి, నేను మాట్లాడుతుంటే ఎలా ఆగాలో ఆయనకి కూడా నేర్పింది. నా కంటే ఆయనకే ఎక్కువ కష్టమైంది. ఇప్పటికీ సగంసార్లు మాట అందించేస్తాడు, అందించాక నాలుక కరుచుకుంటాడు.

ఏం బాగుపడింది అని అడిగేవాళ్ళకి చెబుతున్నాను. రంగుల అట్టల దగ్గర ఇప్పటికీ తడబడతాను. నడుస్తూ లెక్క చెప్పడం నాకు రాలేదు, రాదు. ఎవరైనా అడిగినదానికి నా జవాబు నేను ఇవ్వగలను, ఎదుటివాళ్ళు కాసేపు ఆగితే. బజారుకి వెళ్ళేముందు ఏ కొట్టు తర్వాత ఏ కొట్టో మనసులో అనుకుని, ఒక్కో పని పూర్తిచేసుకుని రాగలను. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఒకరిని ఆగమని చెప్పగలను. ఈ ఏడాది మాత్రల మోతాదు పెంచారు. జబ్బు దాని దారిన అది నడుస్తోంది.

మొన్న రేపల్లెలో మా ఆయన పిన్నికొడుకు కూతురి పెళ్ళి. చర్చిలో పెళ్ళయ్యాక పక్క హాల్లో భోజనాలు. వదిన వచ్చింది, బాగా చిక్కింది. మా మధ్య రెండు కుర్చీలు ఖాళీ. పెళ్ళికూతురి మేనత్త ఒకామె నన్ను చూసి ఆగి, "ఎట్లా ఉందమ్మా ఇప్పుడు నీకు?" అంది.

"ఇప్పుడు చాలా నయమండి, అప్పట్లో నేనే దగ్గరుండి..." అంది వదిన.

ఆవిడ మాట ఆగేదాకా ఆగాను. తర్వాత ఆ మేనత్తతోనే చెప్పాను. "నయం లేదండి. పెరుగుతోంది. తెనాలిలో ఒకమ్మాయి నేర్పిస్తోంది, వెళ్తున్నాను."

"అట్లాగా" అంది ఆమె, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి. వదిన లేచి భోజనాల వైపు వెళ్ళిపోయింది. మా ఆయన నాకొక పళ్ళెం తెచ్చిపెట్టి, తనది పట్టుకుని మధ్యలో నిలబడ్డాడు. వెళ్ళి అక్క పక్కన కూర్చున్నాడు. నాకు ఎడమచేత్తో చెంచాతో తినడం అలవాటైంది. నెమ్మదిగా, ఒక్కదాన్నే, పళ్ళెం ఖాళీ అయ్యేదాకా తిన్నాను.